కోడికాలు, మేకకాలు, మన చెయ్యి

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జువాలజీ, రెండవ సంవత్సరం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు "పదో తరగతి తర్వాత ఏం చదవాలి?" అనే వ్యాసం రాద్దామని మొదట అనుకున్నాం. ఆ వ్యాసం ఏటా ఎవరో ఒక అన్న రాస్తూనే ఉన్నాడు. మేము ఇక్కడ ఉన్న రోజుల్లో దాన్ని ఒక్క ఏడాది కూడా చివరిదాకా చదవలేదు. అందుకని ఈసారి మా సబ్జెక్టులో మాకు బాగా నచ్చిన విషయం రాస్తున్నాం. అది ఎముకల గురించి. భయపడకండి, పేర్లు బట్టీ పట్టమని చెప్పం.

మేము అంటే ఈ హాస్టల్లో ఐదు నుంచి పది దాకా పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకుని చదివి, ఆ తర్వాత బైపీసీ తీసుకున్న ముగ్గురం. మా ముగ్గురి ఇళ్లలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా కూర్చుని మాట్లాడుకున్నది ముగ్గురం కాబట్టి "మేము" అనే రాస్తున్నాం.

చికెన్ పెట్టే ఆదివారంతో మొదలుపెడదాం. లైనులో నిలబడి లెగ్ పీస్ వస్తుందా, మెడ ముక్క వస్తుందా అని గరిటె వైపే చూడటం మాకు ఇంకా గుర్తుంది. ఈసారి మీ ప్లేటులోకి ఏ ముక్క వచ్చినా సరే, తిన్నాక ఎముకను బకెట్లో పారేసే ముందు ఒక్కసారి చూడండి.

ముందుగా ఒక ప్రశ్న. కోడి మోకాలు ఎటువైపు వంగుతుంది? పదిమందిని అడిగితే తొమ్మిదిమంది "వెనక్కి" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ కోడికి వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, చీలమండ! అసలు మోకాలు పైన, పొట్ట పక్కన, ఈకల కింద దాగి ఉంటుంది. అది మన మోకాలు లాగానే ముందుకు వంగుతుంది. నమ్మకం లేకపోతే లేచి నిలబడి మడమలు పైకెత్తి మునివేళ్ల మీద నాలుగడుగులు వేయండి. నేలకు తగలని మీ మడమ ఎక్కడుందో చూసుకోండి. కోడి జీవితమంతా అలాగే నడుస్తుంది. పొలుసులున్న పసుపు కాలు అని మనం అనుకునేది నిజానికి దాని పాదం. కాకపోతే అది పొడుగ్గా సాగి నిటారుగా నిలబడింది.

ఇప్పుడు లెగ్ పీస్ చూద్దాం. పైముక్కలో ఒకటే ఎముక, దాని చివర గుండ్రటి తల. అది తొడ ఎముక. కింది ముక్కలో లావు ఎముక ఒకటి, దాని పక్కన సూదిలాంటిది ఒకటి. ఈ సూదే పళ్ల సందుల్లో గుచ్చుకుని అందరినీ విసిగిస్తుంది. మన కాలిలోనూ మోకాలి కింద ఇవే రెండు ఎముకలు ఉన్నాయి. లావుది టిబియా, సన్నది ఫిబ్యులా. మీ చీలమండకు బయటివైపు గుండ్రంగా పొడుచుకొచ్చిన బుడిపె ఉంది చూడండి, అది మీ ఫిబ్యులా చివర. మనలో అది మోకాలి కింది నుంచి చీలమండ దాకా పూర్తిగా ఉంది. కోడిలో సగం దారిలోనే సన్నబడి మాయమైంది. ఎముక పోలేదు, అరిగిపోయిన పెన్సిలులాగా కొంచెం మిగిలింది.

దాని కింద మరీ విచిత్రం. మన చీలమండలో ఏడు చిన్న ఎముకలు, పాదంలో ఐదు పొడుగు ఎముకలు ఉంటాయి. కోడి పిండంగా గుడ్డులో ఉన్నప్పుడు ఇలాంటివే విడివిడిగా మొదలవుతాయి. ఎదిగేకొద్దీ చీలమండలో పైభాగం టిబియాతో అతుక్కుంటుంది, కింది భాగం మూడు పాదపు ఎముకలతో కలిసి ఒకే కడ్డీ అవుతుంది. ఆ కడ్డీ కింది చివర చూస్తే మూడు గుబ్బలు కనబడతాయి. మూడు ఎముకలు కలిశాయనడానికి అవే సాక్ష్యం.

కోళ్లు కోసే దుకాణం దగ్గర చిన్నప్పుడు మనమంతా ఆడిన ఆట ఒకటుంది. తెగిన కోడికాలు తీసుకుని, కోసిన చోట తెల్లగా మెరిసే దారంలాంటిది పట్టుకుని లాగితే వేళ్లు ముడుచుకుంటాయి. వదిలితే సడలుతాయి. దాంతో ఆడపిల్లలను భయపెట్టి దెబ్బలు తిన్నవాళ్లు మాలోనూ ఉన్నారు. ఆ దారమే స్నాయుబంధనం, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు. వేళ్లను ముడిచే కండరం వేళ్లలో ఉండదు, పైన లెగ్ పీస్‌లో ఉంటుంది. అక్కడ కండరం బిగుసుకుంటే ఇక్కడ వేలు కదులుతుంది. మనకూ అంతే. ఎడమచేత్తో కుడి ముంజేతిని గట్టిగా పట్టుకుని కుడిచేతి వేళ్లను ఆడించి చూడండి. ముంజేతిలో కండరాలు కదలడం తెలుస్తుంది. మన వేళ్లలో ఎముక, తాడు, చర్మం ఉన్నాయి తప్ప వేలిని వంచే కండ లేదు. మేము ఇంటర్ దాకా కండరాల పేర్లు చదివి మార్కులు తెచ్చుకున్నాం కానీ ఈ సంగతి మాకు తట్టలేదు. కోడికాలి ఆట మాత్రం ఒకటో తరగతి కంటే ముందే వచ్చు.

రెక్క ముక్క వచ్చినవాడు నష్టపోయానని బాధపడతాడు కానీ చదువుకు అదే మంచి ముక్క. మూడు మడతలుగా ఉంటుంది. మొదటి మడతలో ఒకటే ఎముక, అది మన జబ్బలో ఉండే హ్యూమరస్. రెండో మడతలో రెండు ఎముకలు, మన ముంజేతిలో ఉండే రేడియస్, అల్నా. పక్షిలో వీటిలో అల్నాయే లావు, రెక్క ఈకలలో ఒక వరుస దాన్ని ఆనుకుని ఉంటుంది కాబట్టి. మూడో మడత, అంటే మనం కొరికి పారేసే కొస, దాని చెయ్యి! మణికట్టులో రెండు చిన్న ఎముకలు విడిగా మిగిలాయి, మిగతావి అరచేతి ఎముకలతో అతుక్కుపోయాయి. వేళ్లు మూడే. అందులో ఒకటి బొటనవేలిలాగా పక్కకు చిన్నగా పొడుచుకుని ఉంటుంది. మన ఒక్కో చేతిలో జబ్బ నుంచి వేలికొసల దాకా 30 ఎముకలు. ఒకటి, రెండు, తర్వాత మణికట్టులో ఎనిమిది, అరచేతిలో ఐదు, వేళ్లలో పద్నాలుగు. కోడిలో లెక్క తగ్గింది కానీ వరుస తప్పలేదు. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత కొన్ని చిన్నవి, చివర వేళ్లు. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసమంతా దాని మీదే.

చెస్ట్ పీస్ సంగతి కూడా చెప్పాలి. రొమ్ము ఎముకకు ఇరుపక్కలా పెద్ద కండరం ఒకటి ఉంటుంది. అది రెక్కను కిందికి కొడుతుంది. మరి పైకి ఎత్తేది? వీపు మీద కండరం ఉండాలి కదా అనుకుంటాం. కానీ రెక్కను ఎత్తే కండరం కూడా రొమ్ము మీదే, పెద్దదాని కింద ఉంటుంది. చెస్ట్ పీస్ విడదీస్తే లోపల వేరుగా ఊడివచ్చే మెత్తటి పొడుగాటి కండ అదే. అది కింద ఉండి రెక్కను పైకెలా ఎత్తుతుంది? దాని తాడు భుజం దగ్గర ఎముకల మధ్య ఉన్న కన్నంలోంచి పైకి వెళ్లి, మలుపు తిరిగి, హ్యూమరస్ పైభాగానికి అతుక్కుంటుంది. బావి గిలక మీద చేద తాడు వేసినట్టు! మనం తాడును కిందికి లాగుతాం, బొక్కెన పైకి వస్తుంది. బరువైన కండరాలు రెండూ కిందే ఉండటం వల్ల గాలిలో పక్షి తలకిందులు కాకుండా ఉండటానికీ వీలవుతుంది.

కోడి రొమ్ము మాంసం తెల్లగా, కాలి మాంసం ఎర్రగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎక్కువసేపు అలుపు లేకుండా పనిచేసే కండరంలో ఆక్సిజన్‌ను దాచే మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం ఎక్కువ ఉంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, కుక్క తరిమితే మాత్రం గోడ మీదికి ఎగురుతుంది. అందుకే దాని కాలు ఎరుపు, రొమ్ము తెలుపు. మైళ్లకొద్దీ ఎగిరే పావురానికి రొమ్ము మాంసం ముదురు ఎరుపు.

ఇక మేక దగ్గరికి వద్దాం. మేకనూ గొడ్డునూ చూసినప్పుడు కూడా కోడి విషయంలో చేసిన పొరపాటే చేస్తాం. మేక ముందుకాలి మోకాలు అని మనం అనేది దాని మణికట్టు. వెనకకాలిలో వెనక్కి వంగేది దాని మడమ. దాని కింద నిలువుగా ఉండే పొడుగు ఎముక అరచేతిది, లేదా అరికాలిది. గిట్టలు రెండు వేళ్లు, మధ్యవేలు, ఉంగరపువేలు. గిట్ట అంటే గట్టిపడిన గోరు. వెనకవైపు కాస్త పైన వేలాడే రెండు చిన్న గిట్టలు మిగతా రెండు వేళ్ల గుర్తులు. బొటనవేలు పూర్తిగా పోయింది. కాళ్ల పులుసులో వచ్చే పొడుగు ఎముకను కడిగి చూడండి. ముందువైపు నిలువునా సన్నటి గీత ఉంటుంది, కింది చివర రెండుగా చీలి ఉంటుంది. రెండు అరచేతి ఎముకలు కలిసిపోయిన అతుకు అది. గుర్రం ఇంకా ముందుకు పోయింది, అది ఒక్క మధ్యవేలి గోరు మీదే పరుగెత్తుతుంది.

కాళ్లు కొనేటప్పుడు అందులో మాంసం లేదని ఎవరూ గొడవ పెట్టుకోరు, ఉండదని అందరికీ తెలుసు. ఎందుకు ఉండదు? ఒక సుత్తిని పిడి పట్టుకుని గబగబా ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. తర్వాత దాన్ని తిప్పి, ఇనుము వైపు పట్టుకుని పిడిని ఊపండి. రెండోది ఎంత తేలికో తెలుస్తుంది. బరువు చేతికి దగ్గరగా ఉంటే ఊపడం సులువు. పరుగెత్తే జంతువు కాలును నిమిషానికి ఎన్నోసార్లు ఊపాలి. అందుకే కండంతా పైన జబ్బలో, తొడలో ఉండి, కిందికి తాళ్లు మాత్రం వస్తాయి. కాళ్ల పులుసు జిగురుగా ఉండటానికి కారణం ఈ తాళ్లూ చర్మమే. ఈ తాళ్లు సాగి మళ్లీ బిగుసుకుంటూ స్ప్రింగులాగా అడుగును ఎగరవేస్తాయి కూడా.

తవ్వే జంతువుకు లెక్క వేరు. మీ మోచేతి వెనక కొన పొడుచుకుని ఉంటుంది కదా, అది అల్నా ఎముక పైచివర. జబ్బ వెనక ఉండే త్రిశిరస్క కండరం దాన్ని పట్టి లాగితే చెయ్యి చాపుకుంటుంది. ఆ కొన పొడుగ్గా ఉంటే బలం ఎక్కువ, వేగం తక్కువ. పొట్టిగా ఉంటే వేగం ఎక్కువ, బలం తక్కువ. నల్లమల అడవుల్లో చీమలపుట్టలు తవ్వే అలుగుకు ఆ కొన పెద్దది. అందుకే ఎముక ఒక్కటి దొరికినా అది పరుగెత్తిన జంతువుదా, తవ్విన జంతువుదా అని ఊహించవచ్చు.

ఇక్కడ మా సొంత విషయం ఒకటి చెప్పాలి. రాయాలా వద్దా అని ముగ్గురం చాలాసేపు ఆలోచించాం.

ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో బల్ల మీద చీటీలు లేకుండా ఎముకలు పెట్టారు. స్పాటర్స్ అంటారు. వాటిలో పలకలాంటి ఎముక ఒకటి. ఏ జంతువుది, ఏ ఎముక, ఎడమదా కుడిదా చెప్పాలి. మాలో ఒకడు దాన్ని చేతిలోకి తీసుకోగానే "మేక జబ్బపలక సార్, ఎడమది" అన్నాడు. అంసఫలకం అనో స్కాపులా అనో అనాలన్నది కూడా మరిచిపోయాడు. సార్ ఆశ్చర్యపోయి, "అంత తొందరగా ఎలా గుర్తుపట్టావు?" అని అడిగారు. "పుస్తకంలో చదివాను సార్" అన్నాడు వాడు.

అది అబద్ధం. వాడి తాత ఊళ్లో చచ్చిన గొడ్లను కోసే పని చేశాడు. పండగలకు మేకలనూ కోశాడు. తోలు తీసి ఊరబెట్టాడు, డప్పులు కట్టాడు. చిన్నప్పుడు వాడు కత్తులు అందిస్తూ పక్కనే కూర్చునేవాడు. తాత కత్తి ఎముకకు తగిలిన చప్పుడు వాడు ఎప్పుడూ వినలేదట. ముందుకాలును మోచేత్తో కొంచెం ఎత్తి, జబ్బకూ పక్కటెముకలకూ మధ్య కత్తి ఒక్కసారి పోనిస్తే కాలు మొత్తం ఊడి వచ్చేది. వెనకకాలు అలా రాదు. దాని గిన్నెకీలు తెరిచి, లోపలి నరం కోసి, ఎముకను తప్పించాలి. "ముందు కాలుకు తాళం లేదు బిడ్డా, వెనక కాలుకు ఉంటది" అనేవాడట తాత.

స్పాటర్స్ అయిన కొద్దిరోజులకు క్లాసులో ఇదే పాఠం వచ్చింది. గిట్టలున్న జంతువులకు జత్రుక, అంటే కాలర్ బోన్, ఉండదు. వాటి ముందుకాలుకూ మొండేనికీ మధ్య ఎముకల కీలు లేదు. మొండెం రెండు ముందుకాళ్ల మధ్య కండరాల ఊయలలో వేలాడుతూ ఉంటుంది. దూకినప్పుడు నేల దెబ్బ వెన్నుకు తగలకుండా ఆ కండరాలే ఆపుతాయి. వెనకకాలు మాత్రం కటి ఎముక గిన్నెలో గట్టిగా కూర్చుంటుంది, ఎందుకంటే తోసే బలం అక్కడి నుంచి రావాలి. సార్ ఇదంతా ఇంగ్లీషులో చెబుతున్నారు. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తాళం లేదన్న తాత మాట ఇదే. మావాడు ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. పుస్తకంలో చదివానని ఎందుకు అన్నానురా అని రెండు మూడుసార్లు అన్నాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉంది, మీకూ తెలుసు.

ఎడమ కుడి ఎలా చెప్పాలో మీకు నేర్పుతాం. జబ్బపలకకు ఒకవైపు నిలువుగా గట్టు ఉంటుంది. గిన్నెలాంటి చివరను కిందికి, గట్టును మీ వైపుకు పెట్టి పట్టుకోండి. గట్టుకు ఒకపక్క జాగా తక్కువ, రెండోపక్క ఎక్కువ. తక్కువ ఉన్నది మేక తలవైపు. అది మీ ఎడమచేతి వైపు ఉంటే ఎడమ జబ్బ.

ఇన్ని జంతువుల్లో ఒకే వరుస ఎందుకుందన్న ప్రశ్న పాతది. ఫ్రాన్సులో పియర్ బెలాన్ అనే ఆయన 1555లోనే మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కన బొమ్మ గీసి, ఏ ఎముకకు ఏది జోడో అక్షరాలతో గుర్తులు పెట్టాడు. ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ 1843లో దీనికి నిర్వచనం ఇచ్చాడు. రూపం మారినా, పని మారినా, వేర్వేరు జంతువుల్లో ఉన్న అదే అవయవాన్ని హోమోలాగ్ అనాలన్నాడు. మన పదో తరగతి పుస్తకంలోని నిర్మాణసామ్య అవయవాలు ఇవే. ఈగ రెక్క, గబ్బిలం రెక్క పని ఒకటే అయినా లోపల పోలిక లేదు, అవి క్రియాసామ్య అవయవాలు. పరీక్షలో తేడాలు రాయమని అడుగుతారు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాం. ఓవెన్ దీన్ని ఒక మూలనమూనా అనుకున్నాడు. 1859లో డార్విన్ అదే వరుసను చూపించి, ఇది చుట్టరికం వల్ల వచ్చిందన్నాడు. ఒకే పూర్వీకుల నుంచి వచ్చినందువల్ల ఎముకల వరుస మిగిలింది, బతుకు మారినందువల్ల ఆకారం మారింది. ఎముకలను అంత చక్కగా పోల్చి చూపిన ఓవెనే ఈ మాటను ఒప్పుకోలేదు! పెద్ద చదువున్నా ఒక్కోసారి అంతే.

ఆ పూర్వీకులు ఎలాంటివో కొంత దొరికింది. 2004లో కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో టిక్టాలిక్ అనే చేప శిలాజం బయటపడింది, 2006లో వివరాలు ప్రచురించారు. వయసు సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్లు. దాని రెక్కలో పొలుసుల కింద మొదట ఒక ఎముక, తర్వాత రెండు, తర్వాత చిన్నచిన్నవి ఉన్నాయి. అదే వరుస.

గబ్బిలం పేరు వింటే మన హాస్టల్లో అందరికీ జాషువా గారు గుర్తొస్తారు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో గుడిలోకి రానివ్వని మనిషి తన బాధను కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ దూత రెక్క నిజానికి చెయ్యి. బొటనవేలు పొట్టిగా, గోరుతో పైన విడిగా ఉంటుంది, దాంతో పట్టుకుని పాకుతుంది. మిగతా నాలుగు వేళ్లు గొడుగు పుల్లల్లాగా పొడుగ్గా సాగాయి, వాటి మధ్య చర్మం పరిచి ఉంది. పక్షి చేతివేళ్లను పోగొట్టుకుని ఈకలతో ఎగిరితే, గబ్బిలం వేళ్లను పెంచుకుని ఎగిరింది. ఒకే పనికి రెండు దారులు, ఎముకలు మాత్రం అవే.

విశాఖ తీరంలో కనబడే డాల్ఫిన్ ఈత రెక్కను కోసి చూసినా అంతే. పొట్టి హ్యూమరస్, చదునైన రెండు ముంజేతి ఎముకలు, వేళ్లు. వేలికి మనకున్నట్టు మూడు కణుపులు కాదు, కొన్ని వేళ్లలో చాలా ఎక్కువ. మోచెయ్యి వంగదు, దాన్ని వంచే కండరాలూ దాదాపు లేవు. పని లేని చోట మొదట పోయేది కండరం. ఎముక ఇంకొన్నాళ్లు మొండిగా మిగులుతుంది. తిమింగలాలకు వెనకకాళ్లు లేవు కానీ కటి ఎముక ముక్కలు మాంసంలో మునిగి ఉన్నాయి. కొండచిలువకు తోక మొదట్లో రెండు చిన్న గోళ్లు, లోపల తొడ ఎముక ముక్క ఉన్నాయి.

తిమింగలం ఎవరి చుట్టం? దీనికి సాక్ష్యం చెప్పింది మేకకాలి ఎముకే. మేక వెనకకాలి మడమ కీలులో గోటీ కంటే కొంచెం పెద్దగా, పైనా కిందా గిలకలాగా గాడి ఉన్న ఎముక ఉంటుంది. ఆస్ట్రాగలస్ అంటారు. పైనా కిందా రెండువైపులా గిలక ఉండటం మేక, గొడ్డు, పంది, జింక లాంటి జంట గిట్టల జంతువుల్లో మాత్రమే కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో దొరికిన, ఇంకా వెనకకాళ్లున్న పురాతన తిమింగలాల శిలాజాల్లో సరిగ్గా ఈ జంట గిలక ఎముకే ఉందని 2001లో ప్రకటించారు. మన దేశం నుంచి ఇంకో సాక్ష్యం వచ్చింది. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు సేకరించి, అందులోని ఒక చిన్న జంతువుకు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. చాలా రాళ్లు పగలగొట్టకుండానే మిగిలిపోయాయి. ఆయన పోయాక ఆయన భార్య ఆ రాళ్లను థెవిసెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. వాటిని విప్పితే దాదాపు పిల్లంత జంతువు బయటపడింది. చెవి ఎముక తిమింగలాలది, మడమ ఎముక మేక తరహాది. కాళ్ల ఎముకల గోడలు నీటిగుర్రానికి ఉన్నట్టు మందంగా ఉన్నాయి, అంటే నీళ్లలో అడుగున నడిచిన జంతువు. 2007లో ఇది ప్రచురితమైంది. ఒక ఇంట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న రాళ్లలో ఇంత సంగతి ఉంది!

హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్‌ను తప్పకుండా చూడండి. అది ఎవరి దేశానిదో కాదు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన డైనోసార్. 1988లో పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు. అందరూ దాని మెడ దగ్గర ఫోటో దిగుతారు. మీరు కాళ్ల దగ్గర నిలబడి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, చిన్నవి, వేళ్లు. కోడి కూడా డైనోసార్ల వంశానిదే కాబట్టి ఆదివారం ప్లేటులో చూసిన తొడ ఎముకను ఇక్కడ స్తంభమంత సైజులో చూస్తారు.

పేర్ల గురించి ఒక మాట. తెలుగు మీడియంలో భుజాస్థి, రత్ని, అరత్ని అని చదివాం. డిగ్రీకి వెళ్లేసరికి హ్యూమరస్, రేడియస్, అల్నా అన్నారు. మొదటి ఆరునెలలు మేము క్లాసులో నోరు తెరవలేదు. ఇప్పుడు చూస్తే భుజాస్థీ మనకు రాదు, హ్యూమరసూ రాదు, రెండూ పరాయి మాటలే. ఎముకను చేత్తో పట్టుకున్నవాడికి మూడో పేరు, నాలుగో పేరు నేర్చుకోవడం కష్టం కాదు. పట్టుకోనివాడికి ఒక్క పేరే బరువు.

అందుకని ఈ ఏడాది ఎముకలు పోగుచేశాం. మీరూ చేయవచ్చు. తిన్న ఎముకలను మళ్లీ ఉడికించి, పాత బ్రష్‌తో తోమి, బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. కుక్కలకూ పిల్లులకూ అందకుండా చూసుకోండి, మా మొదటి కోడి అలాగే పోయింది. వంట అక్కకూ కామాటి అన్నకూ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చేతబడి అనుకుంటారు!

దసరా సెలవుల్లో ఆ ఎముకలను సంచిలో వేసుకుని ముగ్గురం తాత దగ్గరికి వెళ్లాం. చూపు బాగా మందగించింది. ఒక్కొక్కటి చేతికి ఇస్తే తడిమి చెప్పాడు. జబ్బ, ముందుకాలు నల్లి, వెనకకాలు నల్లి, మడమ బొక్క. ఒక్కటీ తప్పు పోలేదు. కోడి ఎముకలను మాత్రం "ఇవి మీ ఆటలు" అని పక్కన పెట్టాడు. ఇవన్నీ మేము పెద్ద చదువులో చదువుతున్నామంటే నమ్మలేదు. "దీనికి పరీచ్చ గూడ పెడతరా?" అని నవ్వాడు. తర్వాత "మనిషికి గూడ ముందు తాళం ఉండదా?" అని అడిగాడు. మావాడు తాత వేలు పట్టుకుని, మెడ కింద భుజం దాకా అడ్డంగా ఉన్న ఎముక మీద పెట్టాడు. మనిషికి ఉంది తాతా, ఇదే తాళం, ఇది ఉండబట్టే చెయ్యి పక్కకు చాపగలం, పైకెత్తగలం అని చెప్పాడు. తాత రెండువైపులా తడుముకుని చూసుకున్నాడు. "గట్లనా. కావడి మోసింది దీని మీదనేనా" అన్నాడు.

వార్షికోత్సవం రోజు ఆ ఎముకల పెట్టెను స్టడీ హాల్లో పెడుతున్నాం. కోడి కాలు, కోడి రెక్క, మేక ముందుకాలు, వెనకకాలు ఉన్నాయి. చీటీలు అంటించలేదు, మీరే అంటించండి. మేకది ఎడమ జబ్బపలక మాత్రం లేదు, తాత తన దగ్గరే ఉంచుకున్నాడు. మీలో ఎవరికైనా దొరికితే శుభ్రం చేసి పెట్టెలో వేయండి. వేసే ముందు ఎడమదో కుడిదో చూసి వేయండి.